కరువు పని చిట్టా – కంప్యూటరు లెక్క

ఊట కుంట ఒకటి పూర్తి అయిన తరువాత దాని గట్టు మీద నిలబడి, ఇక్కడ ఎంతమంది ఎన్ని రోజులు పనిచేశారో చెప్పడం ఎవరి తరమూ కాదు. గుంత లోతు కొలవవచ్చు, కట్ట పొడవు కొలవవచ్చు. వాటిని బట్టి ఎన్ని ఘనపు మీటర్ల మట్టి లేచి ఉంటుందో లెక్క కట్టవచ్చు. కాని ఆ మట్టిని ఎవరు, ఏ రోజున తట్టకెత్తారో మట్టి చెప్పదు. ఒక్క పెద్దవాన కురిసి గట్టు అంచులు జారితే కొలతలు కూడ మారిపోతాయి. అందుచేతనే పని జరిగేచోట ప్రతిదినం ఒక చిట్టా రాయడం ఆచారమైంది. ఆ రోజు ఎంతమంది వచ్చారు, ఏ పనిముట్లు వచ్చాయి, వాన పడిందా, పని ఆగితే ఎందుకు ఆగింది, ఎవరికైనా దెబ్బ తగిలిందా అనేవి అందులోకి ఎక్కుతాయి.

కోమటి కొట్టు లెక్కలు ఎరిగినవారికి చిట్టాకూ ఆవర్జాకూ ఉన్న భేదం తెలుసు. ఏ రోజు జరిగిన సంగతి ఆ రోజే వరుసగా రాసేది చిట్టా. దానిలోనుంచి పేరు పేరునా విడదీసి కూడి రాసేది ఆవర్జా. చిట్టాకు ఎక్కనిది ఆవర్జాలోకి రాదు. కట్టడపు పనుల లెక్క కూడ ఇట్లాంటిదే. కూలి లెక్క, ఖర్చు లెక్క, ఆలస్యపు లెక్క అన్నీ ఆవర్జాలు. వాటికి తల్లివేరు రోజువారీ చిట్టా.

ఈ అలవాటు నిన్న మొన్నటిది కాదు. ఎర్రసముద్రపు ఒడ్డున వాది అల్ జర్ఫ్ అనేచోట 2013లో ఫ్రెంచి పురాతత్త్వజ్ఞుడు పియెర్ తాలే బృందానికి పపైరస్ కాగితాల ముక్కలు దొరికాయి. అవి సుమారు 4500 సంవత్సరాల కిందటివి. ఇంతవరకు దొరికిన రాత ఉన్న పపైరస్‌లలో వాటికంటే పాతవి లేవు. వాటిలో ఒక భాగం మెరెర్ అనే తనిఖీదారు రాయించిన చిట్టా. కూఫూ రాజు పిరమిడ్డు కోసం తూరా గనులనుంచి సున్నపురాయిని పడవలలో నైలునది మీదుగా గీజాకు చేర్చిన ముఠా అతనిది. సుమారు 40 మంది మనుషులు. కాగితానికి పైన తేదీల వరుస, దాని కింద ఒక్కొక్క తేదీకి రెండేసి నిలువు గీతల గడులు. ఆ రోజు ఎక్కడ రాయి ఎక్కించారు, ఎక్కడ రాత్రి గడిపారు అన్న సంగతులు ఆ గడులలో ఉన్నాయి. పిరమిడ్డు అంతటిది నిలబడి ఉన్నా, దానిని కట్టినవారి దినచర్య ఈ గడులలోనే దొరికింది.

అనంతపురం జిల్లాలో ఇటువంటి చిట్టాకు ఉన్న పేరు మస్టరు. మస్టరులో పేరు ఉంటే పనికి వెళ్ళినట్లు. లేకపోతే వెళ్ళనట్లే. ఇక్కడివారికి మస్టరు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ఈ నేలను కొంచెం చూడాలి. నైరుతి ఋతుపవనాలు పడమటి కనుమలను దాటేసరికి తడి పోగొట్టుకొంటాయి. ఈశాన్య ఋతుపవనాలు తూర్పు తీరంనుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయి. ఈ రెంటికీ దూరమైన ఈ పీఠభూమిమీద ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అది కూడ వేరుసెనగకు కావలసిన సమయంలో పడుతుందని లేదు. ధాత కరువు అని పెద్దలు చెప్పుకొనే 1876-78 నాటి క్షామంలో ఈ ప్రాంతం బళ్ళారి జిల్లాలో భాగం. అనంతపురం వేరు జిల్లా అయింది 1882లో. ఆ కరువులో జనం చెరువు కట్టలమీద, రోడ్లమీద సర్కారు పనులు చేసి గింజలు తెచ్చుకొన్నారు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన కూలి మగవానికి దినానికి ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఆ కూలి చాలదని అప్పుడే పెద్ద వివాదం రేగింది. ఎంతమందికి ఎంత ఇచ్చారో తెలియడానికి ముఠాలవారీగా తలల లెక్క తీసేవారు. అప్పటి బాధ మరుగున పడినా, కరువు పని అన్న మాట మాత్రం రాయలసీమలో నిలిచిపోయింది.

ఆ మాటకు కొత్త అర్థం వచ్చింది 2006 ఫిబ్రవరి 2న. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. దాని అమలును ప్రధాని మన్మోహన్ సింగ్ ఈ జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించారు. మొదట దేశంలో 200 జిల్లాలు, 2008 ఏప్రిల్ నాటికి గ్రామీణ జిల్లాలన్నీ దాని కిందికి వచ్చాయి. అడిగిన కుటుంబానికి ఏడాదికి 100 దినాల పని, మస్టరు ముగిసిన 15 రోజులలో కూలి అనేది అందులోని హామీ. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానే 125 దినాల హామీతో మరొక చట్టాన్ని ఆమోదించింది. కాబట్టి ఇక్కడ చెప్పే పద్ధతులు ఆ 20 సంవత్సరాల కాలానివి. జనం మాత్రం మొదటినుంచి దానిని కరువు పని అనే అన్నారు. పంట కుంటలు, ఊట కుంటలు, కొండవాలున కందకాలు, చెరువు పూడిక తీయడం ఇక్కడి ముఖ్యమైన పనులు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ మస్టర్లు తొలి సంవత్సరాలనుంచే కంప్యూటరులోకి ఎక్కాయి. 2021 మేలో కేంద్ర ప్రభుత్వం ఫోనుద్వారా హాజరు వేసే నేషనల్ మొబైల్ మానిటరింగ్ సిస్టమ్‌ను తెచ్చింది. 2022 మే 16నుంచి 20 మంది, అంతకు మించి కూలీలున్న పనులన్నింటికీ, 2023 జనవరి 1నుంచి వ్యక్తుల సొంత భూములలో జరిగేవి తప్ప తక్కిన పనులన్నింటికీ అది తప్పనిసరి అయింది. పనిచోట మేటు ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కూలీల ఫోటో తీస్తాడు. ఫోటోతోపాటు చోటు, సమయం నమోదు అవుతాయి. దానితో చిట్టా కాగితంమీదనుంచి యంత్రంలోకి పోయింది.

కాగితపు చిట్టాలో లెక్క చూడాలంటే పుటలు తిప్పితే చాలు. యంత్రంలోని చిట్టాను అడగాలి. ఒక మండలంలో 20 ఊళ్ళు, ఊరికి 10 పనులు, వారానికి 6 రోజులు అనుకొంటే వారానికి 1200 చిట్టాలు అయినవి. వీటిని ఒక్కొక్కటిగా తెరచి లెక్కపెట్టడం మనిషి పని కాదు. ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రామును అడిగి లెక్క తెచ్చుకొనే ఏర్పాటు కావాలి. ఆ ఏర్పాటునే ఏపీఐ అంటారు.

తాలూకా కచేరీలో రికార్డు గది ఉంటుంది. అందరినీ లోపలికి పోనివ్వరు. ముందర ఒక కిటికీ ఉంటుంది. ఏ ఊరు, ఏ సర్వే నంబరు, ఏ సంవత్సరం అని చీటీ రాసి కిటికీలో ఇస్తే, లోపలి గుమాస్తా రికార్డు చూచి జవాబు రాసిస్తాడు. లోపల బీరువాలు ఎట్లా అమర్చారో బయటివానికి తెలియనక్కరలేదు. చీటీ ఎట్లా రాయాలో తెలిస్తే చాలు. బీరువాలను రేపు మార్చినా చీటీ మారదు. ఏపీఐ ఇటువంటి కిటికీ. చీటీలో ఉండేవి నాలుగు సంగతులు: అడిగేది ఎవరు, ఏ పని గురించి, ఏ తేదీనుంచి ఏ తేదీవరకు, ఏ రకపు చిట్టా. మొదటిదానికి తాళం అని పేరు. చాలా పొడవైన అక్షరాల గొలుసు అది. దానిని చూచి కిటికీ మనిషిని గుర్తుపడుతుంది.

పెద్ద కట్టడపు కంపెనీలు వాడే సాఫ్టువేరులలో రోజువారీ చిట్టాను రకాలుగా విడదీస్తారు. కాలిఫోర్నియాలో 2002లో పుట్టిన ప్రోకోర్ అనే దానిలో వాతావరణం, మనుషులు, యంత్రాలు, వచ్చిన సామాను, ఆలస్యాలు, ప్రమాదాలు, వచ్చిపోయినవారు ఇట్లా ఒక్కొక్కదానికి ఒక్కొక్క చిట్టా. చిట్టాలలో ఏముందో చెప్పకుండ, ఏ రకపువి ఎన్ని ఉన్నాయో మాత్రమే చెప్పే కిటికీ కూడ అందులో వేరుగా ఉన్నది. సంఖ్య ఒక్కటే అడగడంవల్ల లాభమేమని సందేహం రావచ్చు. 1200 చిట్టాలకు రెండేసి ఫోటోలు, ఫోటో ఒక్కొక్కటి 200 కిలోబైట్లు అనుకొంటే మొత్తం 480 మెగాబైట్లు అవుతుంది. సిగ్నలు సరిగా అందని కొండ పల్లెలో అది గంటల పని. సంఖ్యల జవాబు ఒక కిలోబైటు దాటదు. పైగా సంఖ్యలో ఎవరి పేరూ, ఎవరి ముఖమూ ఉండవు. లెక్క కావలసినవానికి ముఖాలు చూపనవసరం లేదు.

ఒక ఊట కుంట పనికి 31 రోజులున్న ఒక నెల లెక్క అడిగితే ఇట్లా జవాబు వచ్చిందనుకొందాం: వాతావరణం 31, హాజరు 26, యంత్రాలు 0, ఆలస్యాలు 3, ప్రమాదాలు 0. చూడడానికి ఎంతో స్పష్టంగా ఉన్నది. కాని ఈ అయిదు సంఖ్యలలో ప్రతి ఒక్కటీ ఒక ప్రశ్నను దాచుకొని ఉన్నది.

హాజరు 26 అంటే 26 రోజుల పని జరిగిందని అర్థం కాదు. 26 చిట్టాలు ఉన్నాయని మాత్రమే. రోజుకు రెండు ముఠాలు వేరువేరుగా చిట్టా రాసి ఉంటే అవి 13 రోజులే కావచ్చు. 26 మంది అని అర్థం అసలే కాదు. ఒక చిట్టాలో 8 మంది ఉండవచ్చు, 40 మంది ఉండవచ్చు. చిట్టాల సంఖ్య, పని దినాల సంఖ్య, మనిషి దినాల సంఖ్య అనేవి మూడు వేరు వేరు లెక్కలు. ఇది కంప్యూటరుకు మాత్రమే ఉన్న చిక్కు కాదు. వాన ఎన్ని రోజులు పడిందని అడిగినా ఇదే చిక్కు. రైతు పదున్ల లెక్క చెబుతాడు. విత్తనం వేయడానికి చాలినంతగా నేల నానితే ఒక పదును. వాతావరణ శాఖ లెక్క వేరు. 24 గంటలలో 2.5 మిల్లీమీటర్లు, అంతకు మించి పడితేనే దానిని వానదినమంటారు. గొడుగు పట్టుకొన్నవాడు మరొక లెక్క చెబుతాడు. ముగ్గురూ నిజమే చెబుతారు, కాని ముగ్గురి సంఖ్యలూ కలవవు. కిటికీవద్దకు పోయేముందు దేనిని ఒకటిగా లెక్కిస్తున్నారో తెలుసుకోకపోతే తరువాత ఎన్ని కూడికలు చేసినా ప్రయోజనం లేదు.

రెండవ చిక్కు పుటలది. అడిగినదంతా ఒక్కసారిగా ఇస్తే యంత్రానికి భారం కాబట్టి, చాలా కిటికీలు జవాబును పుటలు పుటలుగా ఇస్తాయి. భారత ప్రభుత్వం 2012లో తెరచిన డేటా డాట్ గవ్ డాట్ ఇన్ అనే వేదికలో జిల్లాలవారీగా ఉపాధి హామీ లెక్కలు ఏపీఐద్వారా ఇచ్చారు. అక్కడ అందరికీ ఇచ్చే నమూనా తాళంతో అడిగితే ఒకసారికి 10 వరుసలే వస్తాయి. జవాబులో రెండు సంఖ్యలు ఉంటాయి: టోటల్, కౌంట్. టోటల్ అంటే లోపల ఉన్నవన్నీ. కౌంట్ అంటే ఈ పుటలో చేతికి ఇచ్చినవి. కొత్తగా పనికి దిగినవాడు కౌంట్ అన్న పేరు చూచి, అదే లెక్క అనుకొని 10 అని రాసుకొంటాడు. నిజానికి వరుసలు వందలలో ఉండవచ్చు. పేరులో లెక్క అని ఉన్నంతమాత్రాన అది కావలసిన లెక్క అవదు. ఆఫ్‌సెట్ అనే మరొక అంకెను 0, 10, 20 అని పెంచుకొంటూ పోయి, టోటల్ చేరేవరకు పుటలన్నీ తెచ్చుకోవాలి.

మూడవది తేదీ. రోజు ఎప్పుడు మొదలవుతుంది? ఈ ప్రశ్న పిచ్చిగా కనిపించవచ్చు. వాతావరణ శాఖవారు ఉదయం 8.30 గంటలకు వానమాపకం చూచి, అంతకు ముందు 24 గంటల వానను ఆ తేదీకి రాస్తారు. అంటే నిన్న సాయంకాలం కురిసిన వాన ఈనాటి గడిలో ఉంటుంది. పంచాంగం వారికి రోజు సూర్యోదయంతో మొదలు. గడియారానికి అర్ధరాత్రితో మొదలు. కంప్యూటర్లు చాలావరకు ప్రపంచ సమయాన్ని వాడుకొంటాయి. అది మన సమయానికి 5 గంటల 30 నిమిషాలు వెనుక. ఎండాకాలంలో కాంక్రీటు త్వరగా ఆరిపోకుండ రాత్రివేళ పోయడం కద్దు. మే 12 తెల్లవారుజామున 2 గంటలకు పోత ముగించి చిట్టా పంపితే, ప్రపంచ సమయం ప్రకారం అది మే 11 రాత్రి 8.30. చీటీలో ఏ సమయమో చెప్పకుండ మే 12 లెక్క అడిగితే ఆ చిట్టా కనబడదు. నెల చివరిరోజున ఇట్లా జరిగితే ఒక నెల చిట్టా మరొక నెలలోకి పోతుంది. మట్టిపనివారికి ఈ బాధ తక్కువ. ఎండకు జడిసి ఎంత పెందలాడే దిగినా, హాజరు ఫోటో 5.30 తరువాతనే కాబట్టి తేదీ తప్పదు. కాని రాత్రిదాకా సిగ్నలు దొరకక, అర్ధరాత్రి దాటిన తరువాత చేరిన చిట్టాకు తీసిన తేదీ వేయాలా, చేరిన తేదీ వేయాలా అన్నది సాఫ్టువేరు రాసినవాని ఇష్టాన్ని బట్టి ఉంటుంది. తీసిన తేదీ వేయడమే న్యాయం.

ఫోను చిట్టాను పంపుతుంది, జవాబు రాదు, మళ్ళీ పంపుతుంది. మొదటిది చేరి, చేరినట్లు కబురు మాత్రమే దారిలో పోయి ఉండవచ్చు. అప్పుడు ఒకే చిట్టా రెండవుతుంది. దీనికి మందు తేలిక. ప్రతి చిట్టాకు ఫోనులోనే ఒక గుర్తుసంఖ్య వేసి పంపితే, అదే సంఖ్య రెండవసారి వచ్చినప్పుడు యంత్రం దానిని విడిచిపెడుతుంది.

ఇక అసలైన చిక్కు సున్న. పైన చెప్పిన జవాబులో ప్రమాదాలు 0 అని ఉన్నది. ఆ నెలలో ఎవరికీ దెబ్బ తగలలేదా, లేక తగిలినా ఎవరూ రాయలేదా? యంత్రానికి ఈ రెండూ ఒకటే. రాసిన చిట్టాలు ఎన్ని అని అడిగారు, ఏమీ లేవని చెప్పింది. కిటికీయే మూసి ఉన్నప్పుడు సంగతి ఇంకా తీవ్రం. కిటికీ తన స్థితిని మూడంకెల సంఖ్యతో తెలుపుతుంది. 200 అంటే సరిగా జరిగింది. 401 అంటే తాళం చెల్లలేదు. 403 అంటే మీకు చూచే అధికారం లేదు. 404 అంటే అటువంటి పని ఇక్కడ లేదు. 429 అంటే మరీ ఎక్కువసార్లు అడిగారు, కొంతసేపు ఆగండి. 500 అంటే లోపలే ఏదో చెడింది. ఇవి ఏవీ సున్నలు కావు. తెలియదు అని అర్థం. కాని ప్రోగ్రాము రాసేవారిలో కొందరు, జవాబు రాకపోతే ఆ చోట 0 వేసి ముందుకు పోయేట్లు రాస్తారు. పట్టిక చూడడానికి నిండుగా ఉంటుంది. ఆ నిండుతనమే ప్రమాదం. కొన్ని కిటికీలు ఇంకొక విధంగా మోసపుచ్చుతాయి. అడిగినవానికి అధికారం ఉన్న చిట్టాలను మాత్రమే లెక్కపెట్టి, 200 అని చెప్పి, తక్కువ సంఖ్య ఇస్తాయి. అందులో అబద్ధం లేదు. మీకు కనబడేవి ఇన్ని అని దాని ఉద్దేశం.

వాతావరణ శాఖ రిజిష్టరును చూస్తే ఈ విషయంలో పాత పద్ధతి ఎంత జాగ్రత్తగలదో తెలుస్తుంది. వాన పడని రోజున గడి ఖాళీగా విడవరు. సున్న వేస్తారు. ఖాళీ గడి అంటే ఆ రోజు ఎవరూ వానమాపకం చూడలేదని. అనంతపురం రిజిష్టరులో ఏ సంవత్సరపు పుట తీసినా సున్నలే ఎక్కువ. ఈ జిల్లాలో కరువు వచ్చిందని నిరూపించేవి ఆ సున్నలే. వర్షాభావం ఇంత, వరుసగా వాన లేని దినాలు ఇన్ని అని కరువు మండలాలను ప్రకటించేటప్పుడు చూసేది వాటినే. గడులు ఖాళీగా ఉంటే వాన లేదని చెప్పడానికి ఆధారమే ఉండదు.

పని చిట్టాలో ఈ భేదం పాటించకపోతే ఏమవుతుందో కూలి లెక్కలో చూడవచ్చు. కరువు పనిలో ముఠా చేసిన పనిని వారం చివర కొలిచి, వచ్చిన మొత్తాన్ని హాజరు దినాలను బట్టి పంచడం ఆంధ్రప్రదేశ్‌లో పద్ధతిగా ఉండేది. ఒక ముఠాలో 10 మంది, 6 రోజులు, కొలత ప్రకారం వచ్చిన కూలి 15,000 రూపాయలు అనుకొందాం. హాజరు దినాలు 60. దినానికి 250 రూపాయలు, మనిషికి 1500. ఇప్పుడు ముగ్గురికి ఒక్కొక్క రోజు హాజరు పడలేదని వేసుకొందాం. ఫోను సిగ్నలు చిక్కక మధ్యాహ్నపు ఫోటో పోలేదు, అంతే. హాజరు దినాలు 57 అయినవి. దినానికి సుమారు 263 రూపాయలు వస్తాయి. ఆ ముగ్గురికి తలా 1316 రూపాయలు, తక్కిన ఏడుగురికి తలా 1579. చేసిన పనిలో భేదం లేదు. పోయిన కూలి సర్కారు ఖజానాకు కూడ పోలేదు. పక్కవాని ఖాతాలో పడింది. ఒకే కట్టమీద తట్టలు అందించుకొన్న వదినా మరదళ్ళ మధ్య ఇది ఎటువంటి తగాదా తెస్తుందో చెప్పనక్కరలేదు. యంత్రంలోని ఒక ఖాళీ గడికి ఊరిలో ఒక ముఖం ఉంటుంది.

మొత్తం చిట్టాయే ఆగిపోయి కూలి ఆలస్యమైతే పరిహారం ఉండేది. మస్టరు ముగిసిన 16వ రోజునుంచి దినానికి 0.05 శాతం. 1500 రూపాయల మీద అది రోజుకు 75 పైసలు. ఆలస్యపు పరిహారం ఎంత స్వల్పమో దీనిని బట్టి తెలుస్తుంది. హాజరే పడనివారికి అదైనా రాదు. ఆలస్యమైనదని చెప్పడానికి ముందు పని జరిగిందని చిట్టా చెప్పాలి కదా.

ఇంతవరకు చెప్పినది తక్కువ పడే లెక్క గురించి. ఎక్కువ పడే లెక్క కూడ ఉన్నది. 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ రాష్ట్రాలకు రాసిన లేఖలో ఫోను హాజరులో జరుగుతున్న అక్రమాలను ఏకరువు పెట్టింది. పనికి సంబంధం లేని ఫోటోలు పెట్టడం, ఫోటోకే ఫోటో తీసి పంపడం, ఫోటోలోని మనుషుల సంఖ్యకూ మస్టరులోని సంఖ్యకూ పొంతన లేకపోవడం, ఆడవారు, మగవారి సంఖ్యలు కలవకపోవడం, ఒకే మనిషి పలు మస్టర్లలో కనిపించడం, మధ్యాహ్నపు ఫోటో అసలే పెట్టకపోవడం అందులో ఉన్నాయి. కిటికీవద్ద ఇటువంటి చిట్టా కూడ ఒకటిగానే లెక్కకు వస్తుంది. ఫోటో ఉన్నదా అని చూడడం యంత్రానికి చేతనవును. ఆ ఫోటో ఆనాటి కుంటదేనా అని చూడడం దానికి అప్పజెప్పిన పని కాదు.

ఆ పని మనుషులకే మిగిలింది. 2005 చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం పనులను సామాజికంగా తనిఖీ చేసే అధికారం గ్రామసభది. ఆంధ్రప్రదేశ్ ఈ తనిఖీలో దేశానికి దారి చూపింది. 2009లో దీనికొరకు ప్రత్యేకంగా ఒక సంస్థను కూడ ఏర్పరచింది. తనిఖీవారు యంత్రంనుంచి మస్టరు లెక్క తీసుకొని ఊరిలోకి వస్తారు. ఇల్లిల్లూ తిరిగి, నీవు ఎన్ని రోజులు పోయావమ్మా అని అడుగుతారు. ఆమె జాబు కార్డు తెరచి చూస్తారు. తరువాత గ్రామసభలో అందరి ఎదుట పేర్లూ, దినాలూ చదువుతారు. చచ్చిపోయినవారి పేరు వచ్చినా, ఊరు విడిచి బెంగళూరు వలసపోయినవారి పేరు వచ్చినా అక్కడ వెంటనే ఎవరో ఒకరు లేచి చెబుతారు. ఏ సాఫ్టువేరూ ఇంత వేగంగా పట్టుకోలేదు.

అయితే ఇక్కడ కిటికీని అడిగే విధానానికీ, ఊరిలో అడిగే విధానానికీ ఒక లంకె ఉన్నది. నెల మొత్తానికి ఒక్క సంఖ్య తెచ్చుకొని, ఆ అమ్మ చెప్పినదానితో పోల్చితే తేలేది ఒక్కటే: 26కూ 27కూ కలవడంలేదు. ఏ రోజు పోయింది? ఆమెకు గుర్తుండదు, యంత్రం చెప్పదు. అందుకని మంచి కిటికీలు మొత్తాన్ని కాక తేదీవారీ సంఖ్యలను ఇస్తాయి. అడిగేవాడు 31 తేదీలకు 31 గడులు ముందే గీసుకొంటాడు. చిట్టా వచ్చిన తేదీలో సంఖ్య వేస్తాడు. సెలవురోజున సెలవు అని, వానవల్ల ఆగిన రోజున ఆలస్యపు చిట్టా చూచి వాన అని రాస్తాడు. కిటికీ జవాబే ఇవ్వని తేదీకి ప్రశ్నార్థకం పెట్టి మరునాడు మళ్ళీ అడుగుతాడు. సున్న వేసేది పని లేదు అని ఎవరైనా రాసి పంపినప్పుడు మాత్రమే. ఇంత చేసిన పిమ్మట ఒకటి రెండు గడులు ఏమీ లేకుండ మిగులుతాయి. తనిఖీవాడు ఊరిలోకి తీసుకుపోవలసినది ఆ తేదీలను. 14వ తేదీ మంగళవారం మీరు ఎక్కడ ఉన్నారని అడిగితే, ఆ రోజు సంతకు పోయామనో, కుంట తూర్పు గట్టుకు రాళ్ళు పరిచామనో, ఆ సాయంకాలం ఫోను పనిచేయలేదని మేటు తిట్టుకొన్నాడనో జవాబు దొరుకుతుంది.